మూగ టేపులో బుద్రి గొంతు

దెయ్యాల కబుర్లు మొదలైతే మధ్యలోనే లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా తొంభైల చివర్లో విశాఖ కొండల్లో టైడా దగ్గర జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

అప్పుడు విశాఖపట్నంలో చదువుకుంటున్నాను. సినిమా పిచ్చి. భూమి లాక్కుని, అన్నని చంపించిన షావుకారిని ఓ కొండ పిల్ల గొడ్డలి పట్టుకుని వేటాడే కథ రాసుకున్నాను. అరువు తెచ్చిన వీడియో కెమెరా, వారం రోజుల షూటింగ్. కెమెరా మైకు పాడైపోయింది. మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పించుకుందాం అనుకున్నాం. కెమెరా పట్టింది నా స్నేహితుడు రమణ.

హీరోయిన్ బుద్రి. కాఫీ తోటలో పనిచేసే పిల్ల. నటన ఎవరూ నేర్పలేదు. షావుకారు వేషం వేసిన మా క్లాస్‌మేట్ ఆమె చూపుకి నిజంగానే ఓ అడుగు వెనక్కి వేశాడు.

చివరి రోజు వాన. బుద్రి వణుకుతోంది.

"ఒల్లు కాలిపోతంది సార్. రేపు సేద్దుమా?"

మర్నాడు కెమెరా తిరిగి ఇచ్చెయ్యాలి. "ఒక్క షాటే బుద్రీ" అన్నాను. నాలుగుసార్లు తీశాను. నాలుగుసార్లూ ఆ వానలోనే గొడ్డలెత్తి, "మా అన్నని నాకు తెచ్చియ్యి" అని అరిచింది.

పది రోజులకి కబురొచ్చింది. మలేరియా మెదడుకెక్కిందట. బుద్రి లేదు.

కూతురి బొమ్మ చూస్తానని వాళ్లమ్మ అడిగిందంటే టేపు పట్టుకుని వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, ఊరి స్కూల్లో, హెడ్మాస్టరుగారి టీవీలో వేశాం. బొమ్మే గాని మాట ఉండదని ముందే చెప్పాను.

వాన సీను వచ్చింది. తెర మీద బుద్రి నోరు తెరిచి అరుస్తోంది. మాకు వినిపించింది అరుపు కాదు. నీరసంగా, బొంగురుగా ఏదో చెబుతున్న గొంతు. తెలుగు కాదు. పెదాలకీ మాటకీ పొంతన లేదు. రమణ లేచి టీవీ సౌండు చూశాడు. పూర్తిగా తగ్గించే ఉంది. హెడ్మాస్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

వాళ్లమ్మ మాత్రం బెదరలేదు. తమ భాషలో మెల్లగా ఏదో జవాబిచ్చింది.

"ఏమందమ్మా?" అన్నాను.

"జొరం తగ్గిపోనాదంట బాబూ. సలొక్కటే వదల్లేదంట."

భుజం మీది దుప్పటి తీసి టీవీకి కప్పింది. ఆ వానలో ఆ పిల్లని నిలబెట్టింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆవిడ దుప్పటి సర్దుతూనే ఉంది.

విశాఖ వచ్చాక ఆ టేపు ఎన్నిసార్లు వేసి చూశామో. చిన్న చప్పుడు కూడా లేదు. ఆ సినిమా నేను పూర్తిచెయ్యలేదు.

మేం విన్నదేమిటో ఈనాటికీ చెప్పలేను. ఆ భాష నాకు రాదు, రమణకీ రాదు. కానీ గొంతు బుద్రిదే. ఆ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు.