చివరి కుళాయి కట్టేశాక

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. బస్సు మమ్మల్ని జగ్గయ్యపేటలో దించింది. సున్నపురాయి లారీల దుమ్ముకు బూట్లు తెల్లబడ్డాయి. నాతో వచ్చింది భీమిలి వెల్డరు ఒక్కడే. సామాను ఒక పనిముట్ల పెట్టె, రెండు పైపు రెంచీలు. నేవీ ఆర్డరు ఒక్కటే: పది రోజుల్లో ఫౌంటెన్ నడవాలి.

మా లెఫ్టినెంటు గారి పేర ఊరివాళ్ళు కట్టిన ఫౌంటెన్ అది, ప్రారంభించడానికి వచ్చేది వాళ్ళమ్మగారు. ఆయనది నందిగామ, చదివింది ఇక్కడ. యుద్ధంలో మా ఓడ ఇంజన్ రూములో మంటలు లేస్తే మా నలుగురినీ ముందు నిచ్చెన ఎక్కించారు. తర్వాత ఆయన రావాలి. రాలేదు. ఈ పని ఇంకొకరికి ఇచ్చి ఉంటే నేను గొడవపడేవాణ్ణి.

మూడో రోజు నీళ్ళు వదిలి చూశాం. రెండు నిలువుల ఎత్తు లేచాయి. వెల్డరు చప్పట్లు కొట్టాడు. వెనక ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు నిలబడ్డారు, ఒక్కరూ నవ్వలేదు.

"వీధి పంపులో చుక్క రావట్లేదు బాబూ. మీరేమో గాల్లోకి పోస్తన్నారు. ఆ అమ్మగారొచ్చినప్పుడు ఆవిడ్నే అడుగుతాం" అంది ముందున్నావిడ.

నాకు గట్టిగా తగిలింది. ఆ తల్లి అంత దూరం వచ్చి కొడుకు పేరు మీద తిట్లు వినకూడదు.

ఓడలో మంచినీళ్ళకు రేషను. లెఫ్టినెంటు గారు కూడా మగ్గు పట్టుకుని మా వరసలోనే, అదీ చివర నిలబడేవారు. మేం జరిగి చోటిస్తే "ముందు మీరు పట్టుకోండయ్యా" అనేవారు.

"పైపు దగ్గర తవ్వు" అన్నాను వెల్డరుతో.

"పనైపోయింది కదా చీఫ్ సాబ్?"

"కాలేదు. ఇదే పైపుకి నాలుగు కుళాయిలు పెడదాం."

కుళాయిలు తిప్పితే నీళ్ళన్నీ బిందెల్లోకే. ఫౌంటెన్ పడుకుంటుంది. నాలుగూ కట్టేస్తేనే మళ్ళీ పైకి లేస్తుంది. తొట్టిలో పడ్డవి గొడ్లకు.

"అమ్మగారి ముందు అది లేవకపోతే పరువు పోద్దండీ" అన్నారు పంచాయతీ ప్రెసిడెంటు.

"లేస్తదండి" అన్నాను. ఆ రాత్రి జాయింట్లన్నీ మళ్ళీ బిగించాను.

పదో రోజు అమ్మగారు వచ్చారు. సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నారు. ప్రెసిడెంటు ఇత్తడి బిందె చేతికిచ్చి మొదటి కుళాయి చూపించారు. ఆవిడ ఆడవాళ్ళ వరస వైపు చూశారు.

"ముందు వాళ్ళని పట్టుకోనీండయ్యా" అని వెళ్ళి చివర నిలబడ్డారు.

ఆ మాట ఆయన ఎక్కడ నేర్చుకున్నారో నాకప్పుడు తెలిసింది. బ్యాండు వాళ్ళూ, తెల్ల యూనిఫాముల్లో ఆఫీసర్లూ ఎండలో అలాగే నిలబడ్డారు. ఒక్కో బిందె నిండింది. చివరికి ఆవిడ బిందె కూడా నిండింది. చివరి కుళాయి కట్టేశారు.

పైపు గుర్రుమంది. నీళ్ళు ఒక్క ఊపున పైకి లేచాయి. బజారంతా కేకలు. ఆవిడ్నే అడుగుతామన్న బిందె ఆవిడే అందరికంటే ముందు ఈల వేసింది. నేను సెల్యూట్ కొట్టాను, ఎవరికో నాకే తెలియదు.

మర్నాడు విశాఖ బస్సెక్కాం. తర్వాత చాలా రేవులు చూశాను, చాలా పతకాలు చూశాను. కళ్ళముందు నిలిచింది ఇదొక్కటే: జల్లుకు అద్దాలు తడిసినా తుడుచుకోకుండా ఆవిడ పైకి చూస్తున్నారు. కట్టేసిన కుళాయి మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.