మా అబ్బ అడిగిన మిషను

ఈమధ్య కడపలో మా ఇంట్లో వాషింగ్ మిషను మొరాయించినప్పుడు, దాని వెనక అరలోని రేకు డబ్బాలో దొరికిన ఒక ఇనుప వస్తువును మా ఆవిడ రిపేరుకొచ్చినతని చేతిలో పెట్టి, ఇదేదో లోపలి నుంచి ఊడిపడినట్టుంది చూడమందట. అతను అటూ ఇటూ తిప్పి, ఇది ఈ మిషనుది కాదమ్మా, అయినా ఇట్లాంటి పార్టు ఇప్పుడు దొరకదు అన్నాడట. తెలియక అన్నా రెండూ నిజాలే. అది మా అబ్బ గడ్డం గీసుకున్న మిషను. ముప్పై నాలుగేళ్లకే జ్ఞాపకాలేమిటని అడగకండి, నా ఈడువాళ్లందరికీ ముందు వరుస వెంట్రుకలు వెళ్లిపోయాయి, ఆ హక్కు మాకు వచ్చేసింది.

అబ్బ అంటే మా వైపు నాయనకు నాయన. పన్నెండేళ్ల కిందట నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పుకుంటూ, గండికోటకు పోయే దారిలోని మా ఊళ్లో కూర్చుని ఉన్నాను. నా గడ్డం అప్పటికి మా చేనులాగే ఉండేది, తడి తగిలినచోట మాత్రం మొలిచి. అబ్బ మాత్రం ఏటా ఈస్టర్ ఉదయం మా చర్చిలో వాక్యం చదివే మనిషి, గరుకు చెంపతో బైబిలు ముందు నిలబడకూడదన్నది ఆయన సొంతంగా చేర్చుకున్న పదకొండో ఆజ్ఞ. ఆ యేడు పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యీ, ముప్పాతిక మాటా తీసుకుపోయింది. ఈస్టర్ నాలుగు రోజులుందనగా, నెల గడ్డంతో మంచం మీద ఉన్న మనిషి, ఉన్న పావు మాటంతా కూడగట్టుకుని, మిషను అన్నాడు.

మా మేనత్త కుట్టుమిషను ఈడ్చుకొచ్చి మంచం పక్కన పెట్టింది. అబ్బ దాన్ని చాలా ఓపికగా చూసి, మళ్లీ అదే మాటన్నాడు. చూడటానికి వచ్చిన పాస్టరయ్య సంతోషపడిపోయి, పెద్దాయనకు ఈ స్థితిలోనూ మిషను మీదే ధ్యాస అని ప్రార్థన మొదలుపెట్టాడు, ఎందుకంటే మతబోధకు వచ్చిన తెల్లదొరలు వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయినా మా ఊళ్లో చర్చినీ, దాని ఆవరణనూ ఇప్పటికీ మిషను అనే అంటారు. ఆమెన్ అయ్యేలోపు మా నాయన ముఖంలో రంగు పోయింది. నన్ను వసారాలోకి లాగి, "ముసలాయన చేను మిషనుకు రాసిచ్చేస్తాండాడప్పా, కాగితాలు యాడుండాయో చూడు" అన్నాడు. మూడెకరాల రాళ్లు, వాటి మధ్య కాస్త మట్టి, దేవుడు కూడా తీసుకునే ముందు ఆలోచిస్తాడని నేననలేదు, అనుకున్నాను. ఇంతలో అబ్బ ఎడమ చేత్తో చెంప రుద్దుకోసాగాడు. పంటి నొప్పని అత్త లవంగ నూనె పూసింది.

కోళ్లను గంప కింద మూసి లోపలికొచ్చిన అవ్వ ఒక్కసారి చూసి, "గడ్డం గీసుకోవల్లంటాండాడు. మీకెవరికీ కండ్లు లేవా?" అని, పెట్టె అడుగునుంచి ఈ రేకు డబ్బా తీసింది. మేమెవరం లేవకముందే ఆయన గీసుకుని మళ్లీ అక్కడే దాచేసేవాడట. అబ్బ వాళ్ల నాయన మిషను దొర దగ్గర వంటమనిషి, దొర ఓడెక్కేటప్పుడు ఇచ్చి పోయాడట. అంటే మిషను వాళ్ల మిషను. ఎవరి ఊహా పూర్తిగా తప్పు కాదు, పనికొచ్చింది మాత్రం ఒక్కటీ లేదు.

గీసే పని నాకు పడింది, ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే కనుక. ట్రంకుపెట్టెలాగా దాని తల మూత పైకి లేస్తుంది, దాని కింద బ్లేడు పడుకోవాలి. ఏ బ్లేడో తెలియలేదు. మంగలాయన బ్లేడును సగానికి విరిచి కత్తికి పెట్టుకోవడం చూసినవాణ్ని కనుక నేనూ సగం బ్లేడు పెట్టి, ముందు నా చెంప మీదే ప్రయత్నించాను. అది లోపల దాని ఇష్టప్రకారం కదిలింది. గుడ్ ఫ్రైడే ఆరాధనకు తెగిన మూడుచోట్ల పేపరు ముక్కలు అంటించుకుని వెళితే, పాస్టరయ్య నన్ను కొత్త గౌరవంతో చూశాడు.

శనివారం డబ్బా అడుగున మైనపు కాగితంలో చుట్టిన అసలు బ్లేడు దొరికింది. ఒకవైపే పదును, రెండోవైపు మందమైన వీపు. ఉన్నది ఒక్కటే. అది చెడితే ఆ యేడు అబ్బ చర్చి మెట్లెక్కడు, వచ్చే యేడుకు ఆయన ఉంటాడని ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు.

ఈస్టర్ తెల్లవారుజామున అవ్వ సబ్బు నురగ పూసింది. నేను మిషను ఎత్తగానే అబ్బ తన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, మిషను తలను చెంపకు పలకలా ఆనించి, కొంచెమే వంచి, "ఇను" అన్నాడు. నేను కిందికి లాగాను. చర చరమని, ఎండిన చొప్ప మీద ఎవరో నడిచినట్టు సద్దు. సద్దు ఆగినచోట వంపు తప్పానని అర్థం, సరిచేసుకుంటే మళ్లీ వచ్చేది. ఒక్క గాటూ పడలేదు. చర్చిలో నేను బైబిలు పట్టుకుంటే ఆయన చదివాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమెన్ మాత్రం అంత గట్టిగా మా చర్చిలో ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు ఐదు బ్లేడ్ల రేజర్లు సద్దు లేకుండా జారిపోతాయి, సెలూన్లో పాటల హోరులో చెంప చెప్పేది వినే పనే లేదు. ఈ మిషను పేరేమిటో కనుక్కుందామని ఫోన్‌లో బొమ్మలు వెతికితే మూడు రకాలు దీనిలాగే ఉన్నాయి, పిడి మీది అక్షరాలేమో అబ్బ బొటనవేలు ఎప్పుడో చెరిపేసింది. ఏ రకమో తేలకపోయినా వీపున్న బ్లేడ్లు మాత్రం తెప్పించాను.

నిన్న ఉదయం, చేను పోతుందని అప్పుడు భయపడి, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్న మా నాయన, డబ్బా చూసి స్టూలు మీద కూర్చుని ముఖం పైకెత్తాడు. ఆయనకు రెండేళ్లుగా చెవులు పనిచేయవు. నురగ పూసి, పలకలా ఆనించి మొదటి గీత గీయగానే, "ఇనబడతాందా?" అన్నాడు. వినబడుతోందని తలూపాను. అబ్బ చెంపకూ ఆయన చెంపకూ సద్దులో తేడా నాకు తెలియలేదు.