గార్డు పెట్టెలో కెమెరా

ప్రయాణం మూడు రోజుల్లోకి వచ్చేసరికి మా ముందుగదిలో కాలు పెట్టే సందు లేదు. నేల మీద దుప్పటి పరిచి కెమెరా, మూడు లెన్సులు, ట్రైపాడ్, ఛార్జర్లు, తుడిచే గుడ్డలు పేర్చుకుని మధ్యలో నేను కూర్చున్నాను. సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. నిజం చెప్పొద్దూ, ఫొటోలు తీయడం కంటే ఈ సర్దుడే నాకు ఎక్కువ ఇష్టమేమోనని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

కిరందుల్‌లో బయల్దేరి జగర్గుండా, చింతలనార్ చూసుకుని, తిరుగుదారిలో ఉసూర్ వైపు రావాలని మా ప్లాను. నా చిన్నప్పుడు ఆ అడవి ఊళ్ల పేర్లు వినబడితే నక్సలైట్ల భయంతో పెద్దవాళ్లు మాట మార్చేసేవారు. ఇప్పుడక్కడ తారు రోడ్డు పడింది. కారు నా స్నేహితురాలిది. టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సు, ఉసూర్ వైపు పిల్ల. ఆమె అవ్వ చింతలనార్ పక్కన ఒక పల్లెలో ఉంటుంది.

అసలు ఈ ప్రయాణమంతా ఆ అవ్వ కోసమే. ఆవిడకి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, ఆధార్ కార్డు మీద గోరంతది. అది చూపించిన ప్రతిసారీ "ఇది నేను కాదు" అంటుందట. పెద్ద ఫొటో తీయిద్దామని మనవరాలు ఏళ్లుగా బతిమాలితే, మొన్న పండక్కి ఒప్పుకుంది. ఒక్కసారే కూర్చుంటుంది. బజారు రోజు పొద్దున్నే, ఎండ గడప ఎక్కేలోగా రావాలి. ఆ తర్వాత ఆవిడ బజారుకి పోతుంది. మళ్లీ అడగకూడదు. అంత షరతు పెట్టిన మనిషి చూడకుండానే నాకు నచ్చేసింది. పైగా ఫొటో తీసిపెట్టమని నన్నొకరు అడగడం అదే మొదటిసారి. వారం నుంచి సరిగ్గా తిండి కూడా సయించలేదు.

మా నాన్నకి మాత్రం ఇదంతా సరదా. ఆయన ఈ కిరందుల్ రైలు లైను మీదే గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. నా సామాను చుట్టూ రెండుసార్లు తిరిగి, మంచం కింద నుంచి తన ఇనప పెట్టె బరబరా లాక్కొచ్చారు. జెండాలు, దీపం, తాళాలు పెట్టుకుని డ్యూటీకెళ్లిన పెట్టె అది.

"ఆ గుడ్డ బ్యాగు ఏటి కాస్తాది? దీన్లో పెట్టు. పెట్టె నాది, జాగర్త."

ఇక సర్దుడు ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. పాత రగ్గు కోసి అరలు చేశారు. పెద్ద లెన్సుని ఎర్రజెండాలో, చిన్నవాటిని పచ్చజెండాలో చుట్టారు. ఖరీదైన దానికి ఎర్రదట. తర్వాత నన్ను కళ్లు మూసుకోమని, ఒక్కోటి పేరు చెప్పి తియ్యమన్నారు.

"సొరంగంలో దీపం ఆరిపోతే చెయ్యే కళ్లు. తియ్యి, తియ్యి."

మొదటిసారి లెన్సు అడిగితే ఛార్జరు తీశాను. ఆయన మొహం చిట్లించారు. నాకు ఒళ్లు మండింది, మళ్లీ చేశాను. ఐదోసారికి వరసగా అన్నీ తీసేసరికి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకున్నాను. ఆయన కొట్టలేదు.

బయల్దేరే రోజు తెల్లవారుజామున నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె మూసి గొళ్లెం వేసి ఉంది. "అంతా సర్దీసినాను" అన్నారు. పక్కనే గుడ్డసంచి, అందులో మూడు గిన్నెల క్యారియర్. రైలు సిబ్బంది బస చేసే రన్నింగ్ రూముల్లో వండుకుని చెయ్యి తిరిగిన మనిషి, పులిహోర బాగా చేస్తారు.

"పెట్టె డిక్కీలో ఎయ్యి. సంచి మాత్రం చేతిలోనే ఉండాల."

"నాన్నా, నేను వెళ్లేది వనభోజనాలకి కాదు."

ఆయన లోపలికి తిరగ్గానే సంచిని అరుగు మీద వదిలేసి కారెక్కాను. నా పనిని పిక్నిక్కు చేసేస్తే నాకు కోపం రాదా మరి.

దారంతా మంచు. అద్దం దింపుకుని చలికి వణుకుతూనే పాటలు పాడాను. అరణ్‌పూర్ దాటాక ఒక జవాన్ల క్యాంపు దగ్గర చెకింగ్ కోసం ఆపారు. ఒక జవాను డిక్కీలో పెట్టె చూసి, "యే కిస్కా హై?" అన్నాడు. మా నాన్నదని చెప్పి గొప్పగా తెరిచి చూపించాను. కెమెరా ఆన్ చేసి చూపించమన్నాడు. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. అడుగున మూత తెరిస్తే లోపల ఖాళీ. రాత్రి ఛార్జింగు పెట్టిన నాలుగు బ్యాటరీలూ లేవు, మెమరీ కార్డులూ లేవు. పెట్టెలో మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

తూర్పున ఎర్రబడుతోంది. అవ్వ గడపే నా కళ్లముందు కనబడింది. అదృష్టం, అక్కడ సిగ్నల్ ఉంది. ఫోన్ చేశాను.

"డబ్బాలో పెట్టినాను" అన్నారు నాన్న నింపాదిగా. "బ్యాటరీ మీద మంట బొమ్మ ఉంది, చూళ్లేదేటి? పేలే సరుకు పెట్టెలో విడిగా పడేస్తారేటి? డబ్బా సంచిలో ఉంది. సంచి నీ చేతిలోనే ఉంది కదేటి?"

ఆ డబ్బా నాకు తెలుసు. బండి మధ్యలో ఆగిపోతే, వెనకొచ్చే బండికి తెలియాలని గార్డులు పట్టాల మీద టపాకాయల్లాంటివి పెడతారు. అవి దాచే రేకు డబ్బా. బ్యాటరీలతోపాటు కార్డుల్ని కూడా అందులోనే వేసేశారన్నమాట. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వీపు పగిలేది. ఆయన చెప్పలేదని అనడానికి నాకు నోరు లేదు. సంచి చేతిలో ఉండాలని చెప్పారు, నేనే అరుగు మీద వదిలేశాను. ఏడుపొచ్చింది. బుద్ధిలేనిదాన్ని!

నా స్నేహితురాలు వెనక సీటు కింద చెయ్యి పెట్టి సంచి బయటికి లాగింది.

"ఏందే గట్ల చూస్తవ్? కూడొద్దన్నది నువ్వు. నేనన్ననా?"

అక్కడికక్కడే దాని బుగ్గ మీద ముద్దు పెట్టాను. ఆ సంబరంలో వెనకాముందూ చూడకుండా సంచిలో చెయ్యి పెట్టి డబ్బా తీసి పైకెత్తాను. ఎర్రరంగు డబ్బా. దాని మీద తెల్లటి హిందీ అక్షరాల్లో, ఇంతింత లావున, డిటోనేటర్ అని రాసి ఉంది.

జవాను రెండడుగులు వెనక్కి వేశాడు. నన్ను డబ్బా కింద పెట్టి దూరం జరగమన్నాడు. జగర్గుండా దారిలో, పొద్దున్నే, ఒక క్యాంపు ముందు నేను అలాంటి డబ్బా పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఇలాంటి పని రైల్వే వాళ్ల పిల్ల తప్ప ఇంకెవరూ చేయరు.

పెద్ద మీసాల హవల్దారు వచ్చాడు. ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది, స్పీకర్లో పెట్టాను. మా నాన్న తన రైల్వే హిందీలో అతనికి గార్డు డ్యూటీ మొత్తం బోధించారు. ఎండ వచ్చేస్తోందని నేను కాళ్లు నేలకేసి కొడుతుంటే నాన్న మాటల్లో సొరంగాల దాకా వెళ్లారు. చివరికి హవల్దారే నవ్వుతూ డబ్బా తెరిచాడు. బ్యాటరీలు, కార్డులు, వాటి మీద మడతపెట్టిన కాగితం. తెలుగులో ఉన్నదేమిటో చదవమన్నాడు.

గార్డు దిగిపోయేటప్పుడు, ఎక్కే గార్డుకి బాధ్యత అప్పగిస్తూ రాసిచ్చే కాగితం అది. కెమెరా ఒకటి, లెన్సులు మూడు, బ్యాటరీలు నాలుగు, అన్నీ సక్రమం. ఛార్జి ఇచ్చినవారు: నాన్న సంతకం. ఛార్జి తీసుకున్నవారు: ఖాళీ. దాన్ని హిందీలో చెప్పి, ఆ సంతకాన్ని వేలితో చూపించాను. సరదాకి ఎవరూ ఛార్జి రాసివ్వరు.

"ఆప్‌నే సైన్ నహీ కియా?" అన్నాడు హవల్దారు.

"అభీ నహీ" అన్నాను. సంతకం పని అయ్యాక చేద్దామనుకున్నాను.

మేము చేరేసరికి ఎండ గడపకి జానెడు దూరంలో ఉంది. అవ్వ తలంటుకుని, చెవులకి మెడకి ఉన్నవన్నీ పెట్టుకుని, బజారు బుట్టతో నిలబడింది. ఇంకాస్తయితే వెళ్లిపోయేదే. కూర్చోవడానికి ఏమీ కనబడక, సామాను పక్కన వరసగా పేర్చి, ఖాళీ ఇనప పెట్టెనే గుమ్మంలో వేసి ఆవిడని కూర్చోబెట్టాను. ముందు ఎర్రజెండా విప్పాను. చేతులు వాటంతట అవే ఒక్కోటీ అందుకున్నాయి, కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి. అవ్వ నవ్వలేదు, సర్దుకోలేదు, నావైపు తిన్నగా చూసింది. నొక్కాను.

తెర మీద తనని తాను చాలాసేపు చూసుకుంది. చెవికమ్మలు, పూసలు ఒక్కోటీ వేలితో తడిమింది, అన్నీ వచ్చాయో లేదోనని. తర్వాత కూర్చున్న పెట్టెని అరచేత్తో తట్టి వాళ్ల దోర్లీ భాషలో ఏదో అడిగింది.

"మంచి గట్టి పెట్టె, ఎవరిదీ అని అడుగుతున్నది" అంది నా స్నేహితురాలు.

నేను అప్పటికి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాగితం మీద ఖాళీగా ఉన్నచోట సంతకం పెడుతున్నాను.

"నాది" అన్నాను.