మా బాపు బిగించిన గిటారు

మా ఊరి నాటక సమాజం వారికి ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మంచిర్యాలలో మా ఇంటికీ సమాజం గదికీ మధ్య రెండు వీధులూ ఒక పిండిగిర్నీ ఉన్నాయి, అంతే. ఉత్తరాలు దారిలో పోయాయేమోనని పోస్టుమాన్‌ను నిలదీశాను. "చేతులనే పెట్టిన సారూ. చదివిండ్రు, బల్ల మీద పెట్టిండ్రు, దాని మీద చాయ్ గిలాస పెట్టిండ్రు," అన్నాడు. కాబట్టి చేరలేదని చెప్పే వీలు వాళ్లకు లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివే చోట రాస్తున్నాను. దీని మీద కూడా గ్లాసు పెట్టుకుంటే నేనేమీ చేయలేను.

సంగతి ఇది. సమాజం వారు వార్షికోత్సవానికి ఒక సంచిక అచ్చువేశారు. అందులో తెర లాగినవారి పేరుంది. పెట్రోమాక్స్ దీపాలు అద్దెకిచ్చిన ఆయన ఫోటో ఉంది. ఒకే ఒక్కసారి ద్వారపాలకుడి వేషం కట్టి, రంగం మీదే కునుకు తీసిన పెద్దమనిషి గురించి అర పేజీ ఉంది. నా గురించి ఒక్క వాక్యం ఉంది. అది హార్మోనియం మాస్టారు రాసిన వ్యాసంలో ఉంది. "ఆ రోజుల్లో ఒకాయన ఎక్కడి నుంచో గిటారు పట్టుకొచ్చారు. మన ఊళ్లో దాన్ని మొదట శ్రుతి చేసింది నేనే," అని.

ఆ ఒకాయన నేనే. ఒకాయనగా మిగిలిపోవడానికి నాకు అంత అభ్యంతరం లేదు, అలవాటైపోయింది. కానీ ఆ రెండో మాట అబద్ధం. నా పోరాటమంతా దాని మీదే.

గిటారు వచ్చేనాటికి నేను స్టేషన్ దగ్గర ఒక టేకు డిపోలో గుమాస్తాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎంతో కాలం కాలేదు. రైలింజను డ్రైవరు ఒకాయన సికింద్రాబాదుకు బదిలీ అయి, మోసుకుపోలేని సామానంతా వాకిట్లో పరిచి వదిలించుకుంటున్నాడు. రెండు మంచాలకూ ఒక కోళ్లగూటికీ మధ్య గోడకు ఆనించి ఉంది గిటారు. మా బాపు, అంటే మా నాన్న, నేసిన రెండు దుప్పట్లు ఇచ్చి తెచ్చుకున్నాను. ఎందుకని ఊళ్లో చాలామంది అడిగారు. చూడగానే ముట్టుకోవాలనిపించింది, అంతకు మించి కారణం లేదు. ఇదే ఊళ్లో రోజంతా పేకాడేవాళ్లను మాత్రం ఎవరూ కారణం అడగరు.

బయలుదేరేటప్పుడు డ్రైవరు భార్య తీగలు చూపించి, "తార్ ఢీలే కియే సో హై, కస్ లేనా, బస్," అంది. ఈ ఊరికి వచ్చేటప్పుడు ప్రయాణానికని తీగలు వదులు చేశారట, మళ్లీ బిగించనే లేదట, బిగించుకుంటే చాలట. గిటారులో నాకు దొరికిన చదువు అంతే. ఆ మధ్యాహ్నం బండికి గురువు వెళ్లిపోయింది.

ఇంటికి తెస్తే నన్ను కన్న అవ్వ గడపలోనే ఆపింది.

"గిదేందిరా, గింత పెద్ద సొరకాయ?"

"వాయించేదవ్వా."

"ఎవలు వాయిస్తరు?"

"నేనే."

అవ్వ నా ముఖం చూసి, గిటారు ముఖం చూసి, పొయ్యి దగ్గరికి పోయింది. ఆ చూపు కూడా నేను మరిచిపోలేదు.

బాపు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. "ఎన్ని పోగులు?" అని అడిగాడు. ఆరన్నాను. "ఆరేనా!" అన్నాడు, దాని మీద జాలిపడుతున్నట్టు. ఆయన మగ్గం మీద వేల పోగులుంటాయి మరి. పడుగులో నిలువు పోగుల బిగువు చూసుకోవడానికి బాపుకు ఒక పద్ధతి ఉండేది. కళ్లు ఎటో పెట్టి, అరచేతిని పోగుల మీదుగా అడ్డంగా పోనిచ్చేవాడు. ఎక్కడ వదులుంటే అక్కడ చెయ్యి దానంతటది ఆగేది. గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని అదే పని చేశాడు. బిరడ తిప్పడం, తీగను వేలితో కాస్త పైకెత్తి వదలడం, మళ్లీ తిప్పడం. లావు తీగా సన్న తీగా అన్నీ వేలికి ఒకేలా ఎదురు తిరిగేదాకా వదల్లేదు. దాని చప్పుడు ఆయన వినలేదు. అప్పటికే బాపుకు చెవులు సగం మందగించాయి. చేత్తోనే చూశాడు.

"ఇగ సూడు. అన్ని సమంగున్నయ్," అని నా చేతికిచ్చి మగ్గంలోకి దిగిపోయాడు.

ఆరు తీగలూ మీటాను. లావు గొంతు నుంచి సన్న గొంతు దాకా ఆరుగురు మనుషులు వరసగా పలికారు. ఒకరితో ఒకరికి తగాదా లేదు.

ఆ తర్వాత మూడు నెలలు నా జీవితంలో మంచి రోజులు. డిపో నుంచి రాగానే ముందు గిటారే. ఏ మెట్టు మీద వేలు పెడితే ఏం పలుకుతుందో వెతకడం, దొరికింది మరిచిపోవడం, మళ్లీ వెతకడం. వేలి కొసలు ముందు బొబ్బలెక్కాయి, తర్వాత కాయలు కాశాయి.

"బువ్వల చారు పోసుకుంటే వేళ్లకు వేడి తగుల్తలేదార?" అని అవ్వ అడిగింది.

"తగుల్తలేదవ్వా."

"మంచిగైంది. ఇగ పెనం మీది జొన్నరొట్టె నువ్వే తియ్యి."

ఒక ఆదివారం పొద్దున బతుకమ్మ పాట వరస ఒకటి వేళ్లకు దొరికింది. మూడుచోట్ల తప్పాను. గోడకవతల బియ్యం చెరుగుతున్న పక్కింటి పెద్దమ్మ చేట కింద పెట్టి చప్పట్లు మొదలుపెట్టింది. "మల్ల కొట్టు బిడ్డా, తప్పు పోయినకాడికెళ్లి కొట్టు," అని కేకేసింది. తర్వాతి రోజుల్లో అంత మర్యాదగా నన్ను ఎవరూ తప్పుపట్టలేదు.

అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ నాకు సమాజం వాద్యాల వరుసలో కూర్చోవాలని ఆశ పుట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం బడి గదిలో రిహార్సల్ జరుగుతుంటే గిటారు భుజాన వేసుకుని పోయాను. హార్మోనియం మాస్టారు బొత్తాలు నొక్కడం ఆపలేదు. పాట అయిపోయింది, తాంబూలం అయిపోయింది, ఎవరో పెళ్లి సంగతి అయిపోయింది. అప్పుడు నా వైపు చూశారు.

"ఏందయ్య అది? కొట్టు చూద్దాం."

మీటాను. ఆయన ఒక కన్ను మూశారు.

"ఎవలు చేసిండ్రు గీ శ్రుతి?"

"మా బాపు, సారూ."

"మీ బాపు ఎవల శిష్యుడు?"

"ఎవల శిష్యుడు కాదు. చీరెలు నేస్తడు."

"అయితే దీన్ని వాయించకు, కట్టుకో," అన్నారు.

గదంతా నవ్వింది. తబలా ఆయన తబలా మీద కొట్టి మరీ నవ్వాడు. మాస్టారు గిటారు లాక్కుని హార్మోనియం పక్కన పెట్టుకున్నారు. సా ఒకటి, పా ఒకటి, మళ్లీ సా, మళ్లీ పా, ఇలా ఆరు తీగలనూ తన పెట్టెకు కట్టేయడం మొదలుపెట్టారు. కొన్నిటిని గుంజారు, కొన్నిటిని వదిలారు. అన్నిటికంటే సన్నతీగ దగ్గరికి వచ్చేసరికి అది టప్పున తెగి ఆయన చెంప మీద కొట్టింది. ఆ గదిలో ఆ రోజు నా తరఫున మాట్లాడింది అదొక్కటే.

"తీగ పుచ్చింది," అన్నారు మాస్టారు చెంప రుద్దుకుంటూ. ఇనుప తీగ పుచ్చడం నేను వినడం అదే మొదలు. "గిట్లనే ఉంచు. నాలుగేండ్లు సాధన చెయ్యి, అప్పుడు రా."

నేను మొండివాణ్ణి. నాలుగేళ్లంటే నాలుగేళ్లు చేశాను. కొత్త తీగ సికింద్రాబాదు నుంచి రావడానికే నెలన్నర పట్టింది. దాన్నీ మాస్టారు చెప్పిన సా దగ్గరే నిలిపాను. ఈలోగా సమాజం వారు నాకొక పని దయచేశారు. నాయిక వేషం కట్టే ఆయనకు గజ్జెలు కట్టుకుంటే కాళ్లు ఒరుసుకుపోతాయట. ఆయన రంగం మీద నడుస్తుంటే తెర పక్కన కూర్చుని నేను గజ్జెలు ఆడించాలి. ఒక్కోసారి ఆయన ఆగిపోయేవాడు, నా గజ్జెలు రెండడుగులు ముందుకు పోయేవి. జనం నవ్వితే తిట్లు నాకు. నా సంగీత సేవ అంతవరకే సాగింది. సంచికలో ఆ గజ్జెల మాట కూడా లేదు.

ఇంట్లో గిటారు మొండికేసింది. పాత చోట వేలు పెడితే పాత పాట పలకదు. కొన్ని తీగలు వేలిని కోస్తాయి, కొన్ని మెట్ల మీద పడి గరగరలాడతాయి. బతుకమ్మ వరస పూర్తిగా పోయింది. నాకు విద్య రాసిపెట్టలేదనుకున్నాను. అలా అనుకుంటూనే రోజూ కూర్చున్నాను.

ఒకరోజు బాపు దారిన పోతూ అలవాటు కొద్దీ తీగల మీద చెయ్యి పోనిచ్చి ఆగాడు.

"పోగులు సమంగ లేవు కొడుకా. కొన్ని గుంజుతున్నయ్, కొన్ని ఊగుతున్నయ్."

"నీకేం ఎరుక బాపూ, ఊకో," అన్నాను. ఆయనకు వినపడాలని గట్టిగానే అన్నాను.

బాపు చెయ్యి తీసేశాడు. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోలేదు. మంది చేసిన అవమానాలు నాకు వరసగా గుర్తున్నాయని అందరూ వెక్కిరిస్తారు. ఇది నేను చేసింది. ఇదీ ఆ వరసలోనే ఉంది.

నాలుగో ఏడు ముగిసే సమయానికి కాగజ్‌నగర్ నుంచి ఒక ఫిట్టరు తమ చర్చిలో బల్లలకు కర్ర కొనడానికి డిపోకు వచ్చాడు. మాటల్లో తాను చర్చిలో గిటారు వాయిస్తానన్నాడు. వెంటనే ఇంటికి తీసుకుపోయాను. ఒక్కసారి మీటి, దెబ్బ తగిలిన పిల్లిని చూసినట్టు చూశాడు.

"అన్నా, దీన్ని గిట్ల ఎవలు చేసిండ్రు, పాపం?"

ఆరూ వదులు చేసి, మళ్లీ ఒక్కొక్కటే బిగించుకొచ్చాడు. చివరికి మీటాడు. లావు గొంతు నుంచి సన్న గొంతు దాకా, తగాదా లేని ఆరుగురు మనుషులు. ఆ మనుషులను నేనెరుగుదును.

అతని చేతిలోంచి గిటారు లాక్కుని తీగలన్నీ మళ్లీ వదులు చేశాను. "అరె, పరేషాన్ అయితున్నవేందన్నా!" అని ఫిట్టరు మొత్తుకుంటున్నా వినకుండా బాపు ఒళ్లో పెట్టి, బిగించమని సైగ చేశాను. బాపు నా ముఖం చూశాడు, అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. మొదటిసారి లాగే, చేత్తోనే. ముగించాక ఫిట్టరు ఒక్కో తీగా మీటి చూశాడు.

"మూడోది జర తగ్గింది. తక్కినవన్ని దగ్గర దగ్గరనే ఉన్నయ్. ఈయన ఎక్కడ నేర్చిండు?"

"మగ్గం మీద."

అప్పుడతను చెప్పాడు. తీగలు చేసేవాళ్లే ఆ లెక్కన చేస్తారట. లావు తీగ తన గొంతులో, సన్న తీగ తన గొంతులో ఉన్నప్పుడు ఆరింటి గుంజుడూ ఇంచుమించు సమానంగా ఉంటుందట. లేకపోతే గిటారు మెడ ఒకవైపు వంకరపోతుందట. అంటే బాపు ఆరు పోగులను సమంగా బిగించిన రోజే పని దాదాపు అయిపోయింది. దాన్ని చెడగొట్టుకుని నాలుగేళ్లు సాధన చేసింది నేను.

మర్నాడు మాస్టారి దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పాను.

"ఎవలన్నరు?" అని అడిగారు.

"కాగజ్‌నగర్ ఫిట్టరు."

"నట్లు బిగించెటోడు, చీరెలు నేసెటోడు, మంచిగ కలిసిండ్రు. చాయ్ తాగుతవా?"

తాగాను. ఆ చాయ్ తాగకుండా లేచి రావలసింది.

బతుకమ్మ వరస ఇప్పుడు నాకు తప్పు లేకుండా వస్తుంది. పక్కింటి పెద్దమ్మ కూడా ఒప్పుకుంది. సమాజంలో నాకు చోటు వద్దు, ఫోటో వద్దు, గజ్జెలు ఎవరైనా ఆడించుకోవచ్చు. మాస్టారికి హార్మోనియం బాగా వచ్చు, అదీ కాదనను. నేను అడిగేది ఒక్కటే. మన ఊళ్లో గిటారును మొదట శ్రుతి చేసింది ఎవరు?

మాస్టారూ, జవాబు సంచికలో వేయనక్కరలేదు, బాపుకు చదువు రాదు. నోటితో చెప్పీ లాభం లేదు, ఇప్పుడాయనకు అసలే వినపడదు. మా ఇంటికి రండి. గిటారు బాపు ఒళ్లోనే ఉంటుంది. ఆరు తీగల మీద మీ అరచెయ్యి పెట్టి, ఆయన ముఖం చూసి, ఒక్కసారి తల ఊపండి. బాపుకు అది అర్థమవుతుంది. ఆదివారాలు పొద్దున మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం. ఏ ఆదివారం వస్తారో చెప్పండి.