నీలం కప్పు కింద ఏముంది?

మా చిన్నప్పుడు... దోహాలో మా గది గోడ మీద ఒక దీవి ఉండేది.

నిజం దీవి కాదులెండి. టికెట్ల దుకాణం వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, మధ్యలో నీలం రంగు గుండ్రటి కప్పులు, వెనక సముద్రం. అడుగున శాంటోరిని, గ్రీస్ అని ఉండేది. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని తియ్యలేదు... గోడకి పెచ్చు ఊడిన చోటు దాని వెనకే ఉంది మరి!

అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక పాత విల్లాని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చేవారు. ఒక గదిలో మేము, పక్క గదిలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఖాజా చాచా. వంటిల్లు మాత్రం అందరికీ ఒక్కటే. ఆ వంటింట్లో ఎప్పుడూ తెగని తగాదా ఒకటి... క్యాలెండరులో ఆ నీలం గుండ్రాలు ఏమిటి?

"నీళ్ళ ట్యాంకులు పాపా" అనేవాడు నాన్న. కంపెనీ బస్సు డ్రైవర్ ఆయన. దోహాలో ఏ మేడ మీద చూసినా ట్యాంకులే కదా! "పైన కడ్డీ ఉండాది గదా, అది పైపు."

"అరె భాయ్, ట్యాంకుకు గంత సోకు ఎవడు జేస్తడు? గుంబద్‌లు అవి, మసీదు మీద ఉంటయి గద, గుంబద్‌లు!" అనేవాడు ఖాజా చాచా.

నాకు ఒక్కటే కావాలి... లోపల ఏముంది?

సరిగ్గా అప్పుడే ఓబులమ్మత్త కబురు తెచ్చింది. నాన్నకి అక్క. దోహా బయట ఉమ్ సలాల్‌లో ఒక పెద్ద ఇంట్లో పనిచేసేది. వాళ్ళు వదిలితే, ఏ రెండు మూడు నెలలకో ఒక శుక్రవారం మా గదికి వచ్చేది. వచ్చినా కూర్చునేది కాదు... చేట తీసి బియ్యం చెరిగేది, గిన్నెలు తోమేది. "కూచుంటే నడుం పట్టేస్తాది" అనేది.

"సెలవలకి మేడమోళ్ళు యాడికో దీవికి పోతాండారంట. పిల్లోళ్ళను ఎత్తుకునేదానికి నేనూ పోవాల్నంట" అని ఆ దీవి పేరు చెప్పింది.

నేను ఒక్క గెంతులో క్యాలెండరు దగ్గరున్నాను. అదే దీవి!

ఊళ్ళో అవ్వకి ఫోన్ చేసి చెబితే, "ఒక దుబాయ్ నుంచి ఇంగో దుబాయ్‌కా?" అందట.

"అత్తా, ఆ నీలం దాని లోపలికి పోయి చూసి రావాలి. ఒట్టు వెయ్యి!"

అత్త మొహం చిన్నబోయింది. "నన్నెవరు వదుల్తారు మే?"

వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటతోనే వచ్చింది. "ఒక్క గంట అడుగు వదినా. నీకోసరం... ఒకే ఒక్క గంట."

అడగడమా! అన్నేళ్ళలో అత్త ఆ ఇంట్లో తనకంటూ ఏదీ అడిగి ఎరగదు. ఇలా ఏదో అడిగిన పాపానికి టికెట్టు కొట్టి ఇంటికి పంపేసిన కథలు ఆ వంటింట్లో అందరికీ తెలుసు. అత్త సంపాదన మీదే ఊళ్ళో ఆమె ఇద్దరు కొడుకుల చదువులు నడుస్తున్నాయి.

అయినా నేను వదల్లేదు. పనివాళ్ళ అరబీలో 'సాఅ వాహద్' అంటే ఒక గంట. ఆ ముక్కలు అత్తకి రానివి కావు... తనకోసం ఎప్పుడూ వాడలేదు, అంతే. ఆ పూటంతా వంకాయలు తరుగుతూ నాకు అప్పజెప్పింది. గొంతు పైకి లేవనే లేదు.

వాళ్ళు విమానం ఎక్కారు. నేను రోజూ క్యాలెండరు ముందు నిలబడి, అత్త ఏ కిటికీలో ఉందో వెతికేదాన్ని...

తిరిగి వచ్చాక అత్త మా గదికి వచ్చిన రోజున వంటింట్లోనే చుట్టుముట్టాం. ఖాజా చాచా చాయ్ గ్లాసుతో సహా హాజరు.

"అడిగినావా అక్కా?" అన్నాడు నాన్న.

"దినామూ మిద్దె మీద పిల్లోళ్ళ గుడ్డలు ఆరేసుకుంటా దాన్నే చూసేదాన్ని. ఎదురుంగానే ఉండాది. రేపు బయల్దేర్తాం అనంగా... అనేసినా. సాఅ వాహద్!"

"మేడం ఏమంది?"

"ఎందుకనింది. వేలు పెట్టి చూపిచ్చినా. దాని లోపల ఏముందో మా మేనగోడలికి చెప్పాల అన్నా. ఆయమ్మ దాని దిక్కే కొంచేపు చూసి, 'నాకూ తెలీదే' అని నవ్వింది. పిల్లోళ్ళని తనే ఎత్తుకోని, యల్లా, పో అనింది."

"లోపల ఏముంది అత్తా?" నేను అరిచేశాను.

"తలుపుకు బీగం ఏసుండారు పాపా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత దూరం పోయి, అంత తెగించి అడిగితే... బీగమా! "మరి తిరిగొచ్చేశావా?"

"యాటికొస్తా? నా గంట నాకుండాది గదా. ఆడనే మెట్టు మీద కూచున్నా. చల్లగా గాలి తగుల్తాంటే సముద్రం చూసుకుంటా... కూచున్నా. ఒక్కరూ నన్ను పిలవలే."

ఖాజా చాచా చాయ్ గ్లాసు కింద పెట్టి, "ట్యాంకుకు తాళం ఎవడన్న ఏస్తడా భాయ్?" అన్నాడు.

"నీళ్ళు ఎత్తకపోకుండా!" అన్నాడు నాన్న తగ్గకుండా.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది... ముక్కాలి పీట లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూర్చుని మరీ నవ్వింది. సింకు నిండా గిన్నెలు అలాగే ఉన్నాయి.

తర్వాత అత్త శుక్రవారం మధ్యాహ్నాలు అడిగింది. దొరికాయి. ప్రతి వారం వచ్చేది.

ఆ విల్లాని ఎప్పుడో కూల్చేశారు. పెద్దయ్యాక శ్రమ అనీ విశ్రాంతి అనీ హక్కు అనీ ఎక్కడ కరపత్రం దొరికినా వదలకుండా చదివాను. సెలవు ఇవ్వడమేదో దానం అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఎదురైతే ఇప్పటికీ నా నోరు ఆగదు. కానీ "నా గంట నాకుండాది గదా" అన్నంత గట్టి మాట ఏ కరపత్రంలోనూ కనపడలేదు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు... అదే దీవి, అవే నీలం కప్పులు, వాటి ముందు నవ్వుతూ నిలబడ్డ కుటుంబాలు. అవి చర్చిలట. తెలుసుకోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు... అడిగి రమ్మని ఎవరినీ పంపే పనే లేదు. నేను మాత్రం ఆ ఫోటోల్లో ఒక చివరన పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ మనిషి ఉందేమో అని చూస్తాను... ఆమెకి కూర్చోవడానికి ఒక గంట దొరికిందో లేదో...

మీ ఇంట్లోనూ అలా ఎప్పుడూ కూర్చోని మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆవిడ మొదటిసారి తీరిగ్గా కూర్చున్నది ఎక్కడో గుర్తుందా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.