పిండిలో గీసిన దీపం

కువైట్‌లోని సబా అల్ సలేంలో నేను పనిచేసే ఇంట్లో రొట్టెల పిండి బండ మీద ఒలికితే, నా వేలు దానంతటదే ఏడు కొమ్మల దీపం గీసేసింది.

శుక్రవారం పొద్దుగూకేవేళ మా నాయనమ్మ గోడ మీద బియ్యప్పిండితో గీసే దీపం అది. గుంటూరు వైపు మా పల్లెలో యూదులం మేం నాలుగిళ్ళ వాళ్ళమే. "మనోళ్ళు సముద్రం మధ్యలోంచి నడిచొచ్చారే," అని కథ చెబుతూ గీసేది. నాకది మోడుచెట్టులా కనిపించి, ఒకసారి గోరింటాకు నూరి కొమ్మలన్నిటికీ ఆకులు పెట్టాను.

"దీపానికి ఆకులేంటే, తిక్కలదానా!" అని నెత్తిన మొట్టింది.

ఎదురింటావిడ మూతి తిప్పుతూ "అది ముగ్గా, చేపముల్లా?" అంది.

"నీ మొహానికి చేపముల్లే కనపడుద్ది, పోవే," అంది నాయనమ్మ, గీత ఆపకుండానే.

మొగుడు పోయి కువైట్ వచ్చిపడ్డ నాకు ఆ తెగువ ఎక్కడిది? మేం యూదులమని తెలిస్తే ఇక్కడ నా పని ఖలాస్.

ఇంతలో ఇంటి యజమానురాలు వచ్చి, అదేంటని అడిగింది.

"చెట్టు, మామా," అన్నాను. ఇక్కడ ఇంటావిడని అలాగే పిలవాలి.

బాగుందంది. డబ్బు పోసి కొన్న బొమ్మలు గోడల నిండా తగిలించుకున్న మహాతల్లి, ఆకుల్లేని చెట్టేంటని కూడా అడగలేదు. నాయనమ్మ ఉంటే ముందు నన్ను మొట్టి, తర్వాత ఆవిడని మొట్టేది.