ముంబై నుంచి గంటన్నర

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలం, నేను హైదరాబాద్ విమానాశ్రయంలో కార్గో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. సొంతూరు జనగామ. కార్గో అంటే మందులు, పండ్లు, కోడిపిల్లలే అనుకుంటారు జనం. శవాలు కూడా మా షెడ్డుకే వస్తాయి. వాటికీ సరుకు రసీదే రాస్తాం, వాటినీ తూకం వేస్తాం. కొత్తగా చేరినవాళ్లకు ఇది మింగుడుపడదు. నాకైతే చివరిదాకా పడలేదు.

ఆ రోజు ముంబై నుంచి రావలసింది అశోక్ అనే తాపీమేస్త్రీ మృతదేహం. కడుతున్న భవనం మీది నుంచి పడ్డాడు. వాళ్ల ఊరు మహబూబాబాద్ దాటి ఇంకా లోపలికి. విమానం గంటన్నరే అని అక్కడి కాంట్రాక్టరు ఫోన్లో చెప్పాడట. ఆ మాట పట్టుకుని అశోక్ అన్న వెంకన్న అంబులెన్సు మాట్లాడుకుని, తల్లి లచ్చమ్మను వెంటబెట్టుకుని పొద్దున్నే మా గేటు దగ్గరికి వచ్చాడు.

ముసలామెను ఇంత దూరం ఎందుకు తిప్పుతున్నావని కసిరాను.

“బయట సచ్చినోన్ని ఊర్లకు రానియ్యరు సారూ. సీదా కాష్టం కాడికే. ఆడోళ్లు ఆడికి రారు. అవ్వ ఆని మొఖం సూడాల్నంటె గిక్కడనే సూడాలె,” అన్నాడు.

ముంబైలో కుండపోత. విమానం అక్కడే ఆగిపోయింది. గాలిలో ఉండేది గంటన్నరే, నిజమే. కానీ పెట్టెను అక్కడ చాలా ముందే అప్పగించి తనిఖీ చేయించాలి. ఇక్కడ దించాక పోలీసుల అనుమతి పత్రం, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు డాక్టరిచ్చిన పత్రం సరిచూడాలి. ఆ తర్వాతే విడుదల. ఇవేవీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ కాంట్రాక్టరు పేరు చెబితే నాకు ఇప్పటికీ మంటే.

చివరికి మిట్టమధ్యాహ్నం విమానం దిగింది. మావాళ్లను పరుగులు పెట్టించాను. అయినా పెట్టె గేటు దాటేసరికి, దారిలో ఎక్కడా ఆగకుండా పోతే తప్ప చీకటిలోపు ఊరు చేరలేని వేళ అయింది. పెట్టె చుట్టూ రేకు పట్టీలు వేసి మేకులు దిగగొట్టారు. మూత తీయాలంటే వడ్రంగి రావాలి. వెంకన్న వడ్రంగిని వెతకడానికి బయలుదేరబోయాడు.

లచ్చమ్మ ఆపింది. “వద్దు బిడ్డా. చీకటైతే కాలవెట్టరు. ఊర్లకు రానియ్యరు. రాత్రంత పొలిమేర మీద వానల పండాల్నా నా కొడుకు?”

తర్వాత నా వైపు తిరిగింది. “సారూ, తల ఎటు దిక్కున్నది?”

ఎత్తేవాళ్లకు తెలియాలని తల ఉన్న వైపు పెట్టె మీద గుర్తు రాస్తారు. అది ఇంగ్లీషులో ఉంది. చూపించాను. ఆమె అక్కడ చెయ్యి వేసి, చెక్కనే కాసేపు నిమిరింది. “ఇగ పోదాం,” అంది. ఆమె ఏడవలేదు.

తల్లిని పొలిమేర దగ్గర దించేసి ముందుకు పోయామని, చీకటి పడకముందే అంతా అయిపోయిందని వెంకన్న మర్నాడు ఫోన్ చేశాడు.

ఆ తర్వాత ఇలాంటి పని మీద ఎవరు విమానం ఎంతసేపని అడిగినా నేను ఆ సమయం చెప్పలేదు. ఊరెక్కడో, అక్కడ ఇంటివాళ్లు మొహం చూసుకునే వీలుందో లేదో ముందు అడిగేవాణ్ణి. వీలు లేదంటే, పెట్టెకు మేకులు కొట్టవద్దని, స్క్రూలు బిగించమని అవతలి కార్గోవాళ్లకు కబురు పెట్టేవాణ్ణి. వాటిని విప్పడానికి వడ్రంగి అక్కర్లేదు.